నన్నీ బీ కట్టిన పాట

ఇమాం వలి దూదేకుల మనిషి. మైదుకూరికి రెండు కోసుల దూరాన, నల్లరేగడి చేల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్లో ఆయన ఇల్లు. ఇంట్లో మాట తెలుగు. నమాజులో పలికే మాటలు తప్ప వేరే భాష ఆ ఇంట్లో ఎవరికీ రాదు. పొద్దు పొడవగానే ఆయన వసారా దూలానికి విల్లు వేలాడగట్టి, దాని నారిని దూది కుప్పలో ముంచి కొయ్య గుండుతో కొట్టేవాడు. తంగుమని ఒక దెబ్బ, దాని వెంబడే గుమ్మని ఒక వణుకు. నారి వణికినప్పుడల్లా దూది విచ్చుకుని గాలిలోకి లేచేది. చూరుకు, ఉట్టికి, ఎండ పడే గడపకు, ఇంటావిడ కనుబొమలకు తెల్లటి నూగు అంటుకునేది. ఆ తెలుపులో, ఆ మోతలో పెరిగిన పిల్ల నన్నీ బీ.

ఆ పిల్లకు మాటలు మోతతో కలిసే వచ్చాయి. నాయన దెబ్బకు ఒక మాట, వణుకుకు ఒక మాట అతికించుకుంటూ కూర్చునేది. పిల్లి మీద, అవ్వ నస్యం మీద, కుంటి ఎద్దు మీద పాటలు కట్టేది. పదిహేనేళ్లు వచ్చేసరికి చుట్టుపక్కల నాలుగూళ్లలో పత్తి తీసే ఆడవాళ్లు "ఇమాం వలి బిడ్డ వస్తేనే మేము సాలు పట్టేది" అనే దాకా వచ్చింది. ముందు ఆమె ఒక వరస అనేది, వెనక ముప్పయి గొంతులు అందుకునేవి. పాట నడుస్తుంటే నడుము నొప్పి తెలిసేది కాదు, ఎండ తెలిసేది కాదు. బాట మీద పోయే బండ్లవాళ్లు ఎద్దుల్ని నిలబెట్టుకుని వినేవాళ్లు. దూరం నుంచి వింటే చేనంతా ఒకే ఆడమనిషి అయి నిద్రలో పాడుకుంటున్నట్టు ఉండేదట.

ఆ ఊళ్లో అంగడి ఒక్కటే. వెంకటరమణయ్య శెట్టిది. ఆయనకు యాభై దగ్గర పడ్డాక మొదటి భార్య పోయింది. పిల్లలు లేరు. జమ్మలమడుగు దిక్కు నుంచి తిరుపతమ్మ అనే పిల్లను రెండో పెళ్లి చేసుకుని వచ్చాడు. ఆ పిల్లకు పదిహేడు, అటూ ఇటుగా నన్నీ బీ ఈడే. పెళ్లయిన మరుసటి ఏడు శెట్టి ఇంట పాత పరుపులు విప్పి దూది ఏకడానికి ఇమాం వలిని పిలిచారు. నన్నీ బీ కూడా వెళ్లింది. పెరట్లో విల్లు మోగుతుంటే తిరుపతమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. గాలిలో తేలే దూది పింజను అరచేతిలో పట్టుకుని ఉఫ్ మని ఊదింది. అది తిరిగి వచ్చి ఆమె ముక్కు మీదే వాలింది. ఇద్దరు పిల్లలూ పకపకా నవ్వారు.

"నీ పేరేంది?" అని అడిగింది తిరుపతమ్మ.

"నన్నీ."

"పాటలు కడ్తావంట గదా. నా మీద ఒకటి కట్టగూడదా?"

లోపలి నుంచి శెట్టి దగ్గు వినపడింది. తిరుపతమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్లిపోయింది. వాళ్లిద్దరికీ ఉన్న పరిచయం అంతే.

పంతొమ్మిది వందల పదకొండో సంవత్సరం శివరాత్రికి శెట్టి బండి కట్టుకుని తిరునాళ్లకు పోయాడు. తిరిగి వచ్చిన రోజే వాంతులు, భేదులు పట్టుకున్నాయి. మర్నాడు మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. అదే తిరునాళ్లకు పోయి వచ్చినవాళ్లు పక్క తాలూకాలో చాలామంది అట్లాగే పోయారని ఊరికి తెలిసింది ఎన్నో నెలల తర్వాత. అప్పటికి జరగవలసింది జరిగిపోయింది.

శెట్టి తమ్ముడు నాగసుబ్బయ్య ప్రొద్దుటూరు నుంచి వచ్చేసరికి తిరుపతమ్మ గోడకు ఆనుకుని, కండ్లు తెరిచి, ఏడవకుండా కూర్చుని ఉంది. పెరటి గోడ పక్కన పూజ పూలకు వేసిన గన్నేరు చెట్టు నిండా పూసి ఉంది. నాగసుబ్బయ్య ఆ పిల్లను చూశాడు, ఆ చెట్టును చూశాడు. గన్నేరు కాయ విషం. రెండూ కలిపి, కాయ పెట్టి చంపిందని పోలీసులకు ఫిర్యాదు రాసి ఇచ్చాడు. శవాన్ని కోశారు, ఏవో సీసాలు మద్రాసుకు పంపారు. తిరుపతమ్మను తీసుకుపోయారు.

అప్పుడు చేలల్లో పత్తి ఆఖరి తీత నడుస్తోంది. ఎక్కడ చూసినా ఇదే మాట. సాలు మొదట్లో రామసుబ్బమ్మ అనే పెద్దావిడ "నన్నీ, శెట్టి పెండ్లాం మీద కట్టు మే" అంది. అందరూ "కట్టు, కట్టు" అన్నారు. నన్నీ బీ ఒక్క క్షణం కండ్లు మూసుకుంది. చెవిలో నాయన విల్లు మోగింది. ఎక్కడి నుంచి వచ్చాయో, మాటలు వాటంతట అవే వచ్చి నోట్లో వాలాయి.

*కోడి కూయకముందె కొప్పైన ముడవకా*
*గన్నేరు చెట్టుకాడ నిలిచినాదే*
*ఎర్ర కోకాకొంగు పంటితో పట్టుకొని*
*ఏడు కాయలు కోసి ఒడిగట్టెనే*
*ఎంత పని చేస్తివే తిరుపతమ్మా*

ఇందులో ఆమె చూసింది ఏదీ లేదు. కోడి అన్నాక కొప్పు దానంతట అది వచ్చింది. ఎర్ర కోక అన్నాక ఏడు కాయలు వచ్చాయి. ఎర్ర కోక కాక నల్ల కోక అని ఉంటే నాలుగు కాయలు అయ్యేవి. అంతే. కానీ ముప్పయి మంది ఒక్కసారిగా "ఎంత పని చేస్తివే" అని అందుకున్నప్పుడు నన్నీ బీ ఒళ్లు జలదరించింది. అంత బాగా ఆమె ఎప్పుడూ కట్టలేదు. ఆ రోజు ఇంటికి పోతూ దారంతా ఆ వరసే నెమరేసుకుని మురిసిపోయింది. ఆ సంతోషాన్ని ఆమె తర్వాత జీవితమంతా మోసింది.

ఉగాది నాటికి పాట మైదుకూరు సంతకు చేరింది. బండ్లవాళ్ల నోట బద్వేలు పోయింది, పసుపు బస్తాలతో పాటు ప్రొద్దుటూరు పోయింది. తిరగళ్ల దగ్గర, బావి గట్ల మీద, ఉయ్యాలల దగ్గర కూడా అదే.

శెట్టి పెరటి వెనక బీడు భూమిలో మహానంది అనే గొర్రెల కాపరి మంద తోలేవాడు. మంచివాడు, మాట తక్కువ. పోలీసులు మొదటిసారి అడిగితే "నాకేం తెల్దు సామీ" అన్నాడు. రెండోసారి తల గోక్కున్నాడు. మూడోసారి "చూసినా" అన్నాడు.

శ్రావణంలో జిల్లా పెద్దకోర్టులో విచారణ వచ్చింది. సగం ఊరు బండ్లు కట్టుకుని పోయింది. ఇమాం వలికి అక్కడే ఒక సాయిబు గారింట పెళ్లి పరుపుల పని ఉండడంతో కూతుర్ని కూడా తీసుకుపోయాడు. పని లేని పూట ఆమె మిగతా ఆడవాళ్లతో కలిసి కోర్టు వసారాలో కిటికీ పక్కన నిలబడింది.

లోపల చాలా ఎత్తయిన గది. పైన గుడ్డ పంకా మెల్లగా ఊగుతోంది, దాని నీడ గోడల మీద వచ్చి పోతోంది. జడ్జి దొర ఎత్తు మీద కూర్చుని రాసుకుంటున్నాడు. పక్కన తలపాగాలు చుట్టుకున్న పెద్దమనుషులు నలుగురు. దొరకు సలహా చెప్పడానికి పిలిచిన అసెసర్లు వాళ్లే. తెలుగును ఇంగ్లీషులోకి తిప్పి చెప్పే గుమాస్తా ఒకడు. అందరికీ ఎదురుగా, కటకటాల్లో, తెల్ల కోకలో తిరుపతమ్మ. మద్రాసు నుంచి వచ్చిన కాగితం చదివారు. విషం ఆనవాలు దొరకలేదని, అయితే ఇట్లాంటి విషాలు ఒక్కొక్కసారి దొరకవని అందులో ఉంది. విన్నవాళ్లలో ఎవరికి కావలసిన సగం వాళ్లు తీసుకున్నారు.

తర్వాత మహానందిని పిలిచారు. అతను కంబళి తీసి చంకలో పెట్టుకుని నేల చూస్తూ చెప్పాడు.

"కోడి ఇంగా కూయలే దొరా. ఆయమ్మ కొప్పు గూడా ముడుచుకోలే. గన్నేరు చెట్టు కాడ నిలబడినాది. ఎర్ర కోక. కొంగు పంటితో పట్టుకున్యాది. ఏడు కాయలు కోసి ఒళ్లో కట్టుకున్యాది."

కిటికీ పక్కన నన్నీ బీ ఊచలు పట్టుకుని ముందుకు వంగింది. అతను ఆగిన చోటల్లా తన పాట ఆగే చోటే. దెబ్బకు ఒక మాట, వణుకుకు ఒక మాట. గుమాస్తా ఆ మాటల్ని పాటలోంచి ఊడదీసి ఇంగ్లీషులో ఒక్కొక్కటే దొర ముందు పెడుతున్నాడు. దొర కలం గరగరమని కదులుతోంది. తను చేలో నవ్వుతూ కట్టిన ఎర్ర కోక ఆ కాగితం మీద సిరాగా ఆరిపోతోంది. 'అది నాది, నేను కల్పించింది' అని అరవాలని నోరు తెరిచింది.

మహానందే ఆఖరి సాక్షి. దొర ఏదో అడిగాడు, గుమాస్తా తిరుపతమ్మ వైపు తిరిగాడు.

"చెట్టు దగ్గర నిలబడిన మాట నిజమేనా?"

అంతదాకా అన్నిటికీ కాదు, లేదు అంటూ వచ్చిన పిల్ల మహానందిని చూసింది. దారి తప్పిన మనిషి ఎక్కడో తెలిసిన ముఖం కనపడితే చూసినట్టు చూసింది.

"నిలబడినా" అంది.

"కాయలు కోశావా?"

"కోసినా."

"వాటిని నీ భర్తకు పెట్టావా?"

"లేదు" అంది. కానీ అప్పటికే గదిలో గుసగుసలు లేచాయి. ఆ ఒక్క మాట ఎవరికీ వినపడలేదు. గుమాస్తా మాత్రం దాన్ని కూడా తిప్పి చెప్పాడు.

నన్నీ బీ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. తను కల్పించిన మాటను ఆ పిల్ల ఒప్పుకుంది. లేనిది ఉన్నట్టు ఎట్లా అయింది? తను చూసిందా? కలలో చూసిందా? ఒకరి పెరట్లో, ఒకరి తెల్లవారుజాములో జరిగింది తన నోటికి ఎట్లా వచ్చింది? బయట మెట్ల దగ్గర నాయనను పట్టుకుని ఏడ్చింది.

"నాయనా, ఆ మాటలు నేను కట్టినవి. మహానంది మామ నా పాట చెప్పినాడు."

ఇమాం వలి బీడీ పారేసి చుట్టూ చూశాడు. "ఊరుకో మే. ఆ పిల్లే ఒప్పుకున్యాది గదా. నువ్వు కట్టింది నిజమే అయినాది. ఇంగ నీదేముండాది?"

మర్నాడు తీర్పు చెప్పారు. అసెసర్లలో ఇద్దరు నేరం చేసిందన్నారు, ఇద్దరు చెయ్యలేదన్నారు. దొర చేసిందన్నాడు. చిన్నదని, విషం దొరకలేదని ఉరి తప్పించి యావజ్జీవం వేశాడు. తూర్పున ఎక్కడో ఆడవాళ్ల జైలుకు పంపారు. బండెక్కేటప్పుడు తిరుపతమ్మ ఏడవలేదని ఊళ్లో చెప్పుకున్నారు. ఆ మాటతో కూడా పాటలో ఒక చరణం చేరింది. అది నన్నీ బీ కట్టింది కాదు.

ఆ ఏడు ఆమె పత్తి తీతకు పోలేదు. మరుసటి ఏడు మైదుకూరులో పరుపులు కుట్టే పీర్ బాషాకు ఇచ్చి పెళ్లి చేశారు. పీర్ బాషా నెమ్మదైన మనిషి. భార్య ఒక్కొక్కసారి దూది పట్టుకుని పొద్దంతా కిటికీ వైపు చూస్తూ ఉండిపోతే ఏమని అడిగేవాడు కాదు, దీపం పెట్టి పక్కన కూర్చునేవాడు. ఒకసారి ఆమె ధైర్యం చేసి కూలికి పోయిన చేలో కొత్త పాట కట్టింది. 'ఎవరు చూసినారు, ఎవరు చెప్పినారు' అని అందులో మొదలు. ఆడవాళ్లు రెండు వరసలు అందుకున్నారు. మూడో వరసకు గొంతులు పలచబడ్డాయి. నాలుగో వరసకు ఎవరో పాత పాటలోకి జారారు, మిగతావాళ్లంతా వెంట పోయారు. "ఇది బాగుండ్లేదులే నన్నీ. పాతదే పాడు" అన్నారు.

పాట ఆమెను ఎక్కడా వదల్లేదు. అహోబిలం తిరునాళ్లలో పరుపులు అమ్మబోతే అక్కడ గంజిరా పట్టుకున్నవాడు అదే పాడుతున్నాడు. ఒక మధ్యాహ్నం వాకిట్లో అచ్చనగాయలు ఆడుకుంటూ సొంత కూతురు గుల్షన్, ఆరేళ్ల పిల్ల, గాయ ఎగరేసినప్పుడల్లా "ఏడు కాయలు కోసి ఒడిగట్టెనే" అంటోంది. నన్నీ బీ పరుగున వచ్చి చెంప పగలగొట్టింది. పిల్ల ఎందుకో తెలియక బిత్తరపోయి చూసింది. తర్వాత ఆ పిల్లను ఒళ్లో వేసుకుని తనే ఎక్కువసేపు ఏడ్చింది.

పద్నాలుగేళ్లు గడిచాయి. రాట్నాల కాలం వచ్చింది. ఎక్కడెక్కడి వాళ్లూ నూలు వడకడం మొదలుపెట్టారు. పీర్ బాషా ఇంట దూది ఏకి, ఏకులు చుట్టి ఇచ్చేవాళ్లు. ఒక రోజు మిట్టమధ్యాహ్నం, ఎండకు వీధి అంతా నీళ్లలో కనపడినట్టు వణుకుతున్నప్పుడు ఒక మనిషి వచ్చి గడప దగ్గర నిలబడింది. పొట్టిగా కత్తిరించిన జుట్టు, అప్పుడే నెరుస్తోంది. ముతక తెల్ల కోక.

"ఏకులు కావల్ల" అంది. నన్నీ బీ తెచ్చి ఇచ్చింది. ఆ మనిషి తీసుకుని కూడా కదల్లేదు.

"నన్నీ అంటే నువ్వేనా?"

"నేనే. నువ్వెవరమ్మా?"

"తిరుపతమ్మను."

నన్నీ బీ తలుపు పట్టుకుంది. లోపల పీర్ బాషా విల్లు మోగుతూనే ఉంది. వాళ్లిద్దరి మధ్యా దూది నూగు ఎండలో తేలుతోంది. తిరుపతమ్మే లోపలికి వచ్చి చాప మీద కూర్చుంది.

"జైల్లో ఉండంగా నంద్యాల నుంచి ఒకామె వచ్చినాది. తిరగలి విసురుతా పాడింది. నా పేరు ఇనపడితే ఉలిక్కిపడినా. ఎవరు కట్టినారంటే తెల్దనింది. ఇట్ల వచ్చినాక సంతలో అడిగితే నువ్వని చెప్పినారు. నిన్ను ఒక్క మాట అడగల్లని వచ్చినా."

"అడుగమ్మా" అంది నన్నీ బీ.

"నువ్వు నన్ను చూసినావు గదా. చెట్టు కాడ చూసినావు. చూసినదానివి ఒక్క కేక ఎందుకు ఎయ్యకపోతివి?"

నన్నీ బీకి మొదట అర్థం కాలేదు. తిట్టడానికి వచ్చిందనుకుంది, శపించడానికి వచ్చిందనుకుంది. ఇది అట్లాంటి మాట కాదు.

"నేను చూల్లేదమ్మా" అంది. "అల్లా తోడు. కల్పించినా. కొప్పు, కోక, కాయలు అంతా ఉత్తదే. పాటకు బాగుంటాదని కట్టినా. ఆ మాటలే మహానంది మామ కోర్టులో చెప్పినాడు. నేను ఆడ్నే ఉంటి. నోరు తెర్సినా. అంతలో నువ్వు అవునంటివి. నాకు మతి పోయింది. నువ్వెందుకు అవునంటివి?"

తిరుపతమ్మ ఆమెను తేరిపార చూసింది. "కల్పించినావా? అయితే ఎవురూ చూల్లేదా?" అని మెల్లగా అంది. చేతిలో ఏకులు చాప మీద పెట్టింది. ఆ తర్వాత మాటలు వచ్చినప్పుడు ఎవరికో చెబుతున్నట్టు కాక, ఒకప్పటి కలను తనకు తాను గుర్తుచేసుకుంటున్నట్టు వచ్చాయి.

"నిలబడినా. ఆయన పోయినప్పుడు గాదు. అంతకు నెల ముందర. నా కోసరం నిలబడినా. ఆ ఇంట్లో నాకు బతకబుద్ధి కాలే. కాయలు కోసినా, ఏడో ఎన్నో లెక్క బెట్టలే. రోట్లో ఏసినా. అంతలో ఆవు అరిచినాది. పాలు పిండలేదే అని లేచి పోయినా. పిండుకొని వచ్చేలోగా ఆ బుద్ధి పోయినాది. తీసి దిబ్బలో పారేసినా. కోర్టులో ఆయప్ప చెట్టు మాట చెప్పంగానే ఎవురో చూసినారు అనుకుంటి. సచ్చిపోదామనుకున్న నన్ను ఒకరు చూసినారు, చూసి గూడా పిలవలే. దాని మీదనే ఉండె నా మనసంతా. అడిగితే అవునంటి. ఎప్పుడు నిలబడితివి అని వాళ్లు అడగలే. ఎందుకు నిలబడితివి అని అడగలే. నాకై నేను చెప్పడానికి సిగ్గయినాది. పద్నాలుగేండ్లు జైల్లో అదే తలుచుకుంటా ఉంటి. ఆ మనిషి నన్ను ఎందుకు పిలవలేదో అని."

లోపల విల్లు ఎప్పుడు ఆగిందో ఇద్దరికీ తెలియదు. పీర్ బాషా తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు.

మర్నాడు పొద్దున ఆడవాళ్లిద్దరూ నడిచి ఆ ఊరికి పోయారు. నన్నీ బీయే పట్టుబట్టింది. మహానంది దగ్గర ఈ మాట తేలాలి అంది. శెట్టి ఇల్లు కప్పు కూలి ఉంది. గన్నేరు చెట్టును ఎవరో ఎప్పుడో కొట్టేశారు. మహానంది ముసలివాడై గుడిసె ముందు నులక పేనుకుంటున్నాడు. నన్నీ బీ ఎదురుగా కూర్చుని "మామా, కోర్టులో నువ్వు చెప్పిన మాటలు నా పాటలోవి" అంది.

"నీ పాటలోవే పాపా" అన్నాడు అతను, దాచేదేమీ లేనట్టు. "పోలీసాయన గదమాయిస్తే నాకు మాటలు రాలే. నీ మాటలు నోట్లో తయారుగా ఉండె. అవే చెప్పినా."

"అయితే నువ్వు చూల్లేదా?"

"చూసినా." అతను తల ఎత్తి తిరుపతమ్మను చూశాడు. గుర్తుపట్టాడు. చేతిలో నులక జారిపోయింది. "చూసినా తల్లీ. చలి దినాలు. మంచు పడతాండె. గొర్లు నోట్లో పొగ ఇడుస్తాండె. ఎర్ర కోక గాదు, ఏం కోకో నాకు తెల్దు. కొంగు పంటితో పట్టుకోలే. ఏడుస్తాంటివి."

"శెట్టి పోయిన పొద్దు గాదు గదా మామా?" అంది నన్నీ బీ.

"గాదు. శానా ముందర. దినం వాళ్లే చెప్పిరి, నేను ఊ అంటి. దినం ముందైతే ఏంది, ఎనకైతే ఏంది, నిలబడింది నిజమే గదా అనుకుంటి." అతను తిరుపతమ్మ వైపు తిరిగాడు. "పిలుద్దామనుకుంటినమ్మా ఆ పొద్దు. నోటి దాకా వచ్చినాది. శెట్టోళ్లింటి ఇల్లాలివి, నేను గొర్లోణ్ని. గోడ ఇవతల నిలబడి ఏమని పిలుద్దును?"

నన్నీ బీ తిరుపతమ్మ వైపు చూడలేకపోయింది. కానీ తిరుపతమ్మ ముఖంలో కోపం లేదు. ముసలివాడి పక్కన మట్టి అరుగు మీద కూర్చుంది. చిన్నతనంలో జరిగినదాన్ని పెద్దవాళ్లను అడిగినట్టు అడిగింది.

"శానాసేపు నిలబడి ఉంటినా?"

"మంద అంతా దాటేదాకా నిలబడే ఉంటివి తల్లీ. ఎనక్కి ఎనక్కి చూసుకుంటా పోయినా."

"ఎనక్కి చూసినావా?"

"చూసినా."

ఆమె తల ఊపింది. నేల మీద పడిన నులక తీసి, కొస వెతికి అతని చేతికి ఇచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు చేల మధ్య బాట మీద నన్నీ బీ ఏడుస్తూ నడిచింది. "నన్ను ఏమన్నా అను. తిట్టన్నా తిట్టు" అంది. తిరుపతమ్మ ఒక వంకలో దిగేటప్పుడు ఆగింది.

"మన్నించినా అని చెప్తే నీకు నిద్ర పడతాది, నాకు తెలుసు. ఆ మాట నాకు ఇంగా నోట్లోకి రాలే నన్నీ. వస్తే చెప్తా."

పుట్టింటివాళ్లు తిరుపతమ్మను రానివ్వలేదు. నాగసుబ్బయ్య అప్పటికే చనిపోయాడు. ఆమె మైదుకూరులోనే, పీర్ బాషా ఇంటికి మూడిళ్ల అవతల ఒక కొట్టం వేసుకుంది. జైల్లో నేర్చుకున్న పనే, నూలు వడకడం. రోజూ ఏకులకు వచ్చేది, వసారాలో కూర్చునేది. కొన్ని రోజులు ఇద్దరూ పది మాటలు కూడా అనుకోకుండా పొద్దు గడిపేవాళ్లు. నన్నీ బీ మాత్రం ఊరుకోలేదు. చేలకు పోయింది, సంతలకు పోయింది. పాట వినపడిన చోటల్లా ఆగి "అది ఉత్తది. నేనే కట్టినా. ఆ పిల్ల చంపలే" అని చెప్పింది. కొంతమంది విని మానేశారు. కొంతమంది "కట్టింది నువ్వైతే కావచ్చు, పాటలో అంత బాగా ఉండాదంటే ఏమీ లేకుండా ఉంటాదా" అని నవ్వారు. మన్నించానన్న మాట కోసం ఆమె మొదట్లో రోజూ ఎదురుచూసేది. తర్వాత్తర్వాత ఎదురుచూడడం మానేసింది. గుల్షన్ పెళ్లికి పరుపు మీద గలీబుకు నూలు మొత్తం తిరుపతమ్మే వడికింది. పీర్ బాషాకు జబ్బు చేసి పోయినప్పుడు నలభై రోజులు ఆ ఇంట్లోనే ఉంది. ఆ మాట మాత్రం అనలేదు.

పంతొమ్మిది వందల నలభై ఆరులో ఆంజనేయ అనే కాలేజీ కుర్రవాడు పల్లె పాటలు రాసుకుంటూ ఊరూరా తిరుగుతూ మైదుకూరు వచ్చాడు. గన్నేరు చెట్టు పాట గురించి అడిగితే సంతలో అందరూ నన్నీ బీ ఇంటి దారి చూపించారు. అతను చాప మీద కూర్చుని కాగితం, పెన్సిలు తీశాడు. నన్నీ బీ ముప్పయి అయిదేళ్ల తర్వాత మొదటిసారి ఆ పాట గొంతెత్తి పాడింది. ఒక వరస పాడడం, ఆగి "ఇది నేను కల్పించినా, రాసుకో" అనడం. మళ్లీ ఒక వరస, మళ్లీ అదే మాట. కుర్రవాడు ఇబ్బందిగా నవ్వాడు.

"అవ్వా, పాట రాసుకుంటా. నువ్వు మధ్యలో అనే మాటలు పాటలోవి కావు గదా?"

"అవి రాసుకోకపోతే పాట గూడా రాసుకోవద్దు నాయనా."

అతను తలవంచి రాసుకున్నాడు. చివరి వరస అయ్యాక పెన్సిలు కొస నలుపుకుంటూ అడిగాడు. "ఇంతకూ ఇది జరిగిన కథేనా? ఆ తిరుపతమ్మను ఉరి తీసినారా?"

లోపల రాట్నం ఆగింది. నెరిసిన జుట్టును చిన్న ముడి వేసుకున్న ఒక ముసలామె చెంబుతో మజ్జిగ తెచ్చి అతని ముందు పెట్టింది.

"తియ్యలే నాయనా. మజ్జిగ తాగు."

కుర్రవాడు చెంబు అందుకుని ఆమెను చూశాడు, నన్నీ బీని చూశాడు. అర్థమయ్యేసరికి చెంబు నోటి దగ్గరే ఆగిపోయింది. తిరుపతమ్మ చాప అంచున కూర్చుని, కోక మీద అంటిన దూది నూగు దులుపుకుంది.

"నువ్వు రాసుకుంటానంటే నేను చెప్తా. పాట గాదు, ఉత్త మాటలే. వరస లేదు. పర్వాలేదా?"

అతను మజ్జిగ గడగడా తాగి, కొత్త కాగితం తిప్పాడు. ఆమె ఆవు అరిచిన పొద్దు నుంచి మొదలుపెట్టింది. మధ్యలో ఒకచోట పేరు తడబడితే నన్నీ బీ అందించింది. ప్రొద్దుటూరు పోయే బస్సు వచ్చి, హారన్ కొట్టి వెళ్లిపోయింది. అతను లేవలేదు.